బల్ల కింద రాగి పట్టీ

మేస్త్రికి మెట్లంటే చిరాకు. ప్లాస్మా ల్యాబు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉందా అంటే ఉంది, పనిచేస్తుందా అని మాత్రం అడక్కూడదు. ముప్పై నాలుగేళ్ల కిందట రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కిన మనిషి, ఇప్పుడు అంతస్తుకో చోట ఆగి, గోడకంటించిన నోటీసు చదువుతున్నట్టు నటించి, ఆయాసం తీర్చుకుని కదులుతున్నాడు. ఆ నోటీసుల్లో ఒకటి ఆరేళ్ల నాటిది. రిటైరవడానికి ఇంకా ఏడు నెలలుంది.

కాగితాల మీద ఆయన ఉద్యోగం మెకానిక్కు. చేసే పని గాజు ఊదడం, పంపులు విప్పి బిగించడం, చదువుకున్నవాళ్లు చెడగొట్టినవాటిని చదువుకోని చేత్తో బాగుచెయ్యడం. మేస్త్రి అనే పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. ఈ ముప్పై నాలుగేళ్లలో ఆ ల్యాబు నుంచి నలభై దాకా పరిశోధన పేపర్లు బయటికి వెళ్లాయి. ఆయన ఊదిన గాజు లేనిది ఒక్కటీ లేదు. చివరి పేజీలో చీమతలకాయలంత అక్షరాల్లో 'సహకరించిన సిబ్బందికి కృతజ్ఞతలు' అని ఉంటుంది. ఆ సిబ్బంది అంటే తనేనని ఆయన ఇంట్లో చెప్పుకునేవాడు.

ఈసారి సంగతి వేరు. ఈ పేపరు మీద ఆయన పేరే ఉంది. రచయితల వరసలో, మూడోది. పెట్టించింది ఆ ల్యాబులోనే పరిశోధన చేస్తున్న అమ్మాయి. ల్యాబులో అందరూ ఆమెను 'కాబోయే డాక్టరు' అంటారు. ఏడేళ్లుగా కాబోతూనే ఉంది, పాపం. గొట్టాలు ఊదింది, బల్ల కట్టింది, ప్రతి పొద్దునా పంపు నడిపింది ఆయనైతే పేరెందుకు ఉండకూడదని ప్రొఫెసరుతో గంటసేపు వాదించి గెలిచింది. సోమవారం అచ్చుతీసిన కాపీ చేతిలో పెడితే మేస్త్రి దాన్ని ఇంటికి తీసుకెళ్లాడు. ఇంట్లో ఆవిడకు ఇంగ్లీషు రాదు. అయినా ఆ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించమని, అక్కడే ఇంకో రెండుసార్లు వేలు పెట్టుకుని చూసుకుని, మోకాళ్ల నొప్పి సంగతి మరిచిపోయి మెట్ల మొదట్లో నిలబడి, కింది వాటాలో ఉండే కుట్టుపని ఆవిడకు వినబడేలా గట్టిగా చెప్పింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. గురువారానికి ఆవిడ చెల్లెలికీ, మోకాళ్లు చూసే డాక్టరుకీ కూడా తెలిసిపోయింది. ఆ వారమంతా మేస్త్రి సిగ్గుపడుతూనే సంతోషంగా ఉన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి పేపరు జర్నలుకు ఆఖరిసారి పంపాలి. పరిశీలించినవాళ్లు బాగుందన్నారు, బల్ల ఫోటో ఒకటి స్పష్టంగా తీసి పంపమన్నారు, అంతే. ఈ నెలాఖరులోగా పేపరు ఖాయమైతే అమ్మాయికి ఒక కాలేజీలో ఉద్యోగం సిద్ధంగా ఉంది. అందుకని మేస్త్రి ఆ రోజు ఏడున్నరకే వచ్చాడు. ఫోటోకు ముందు బల్ల తుడవాలి, మధ్యలో ఉన్న డబ్బా విప్పి శుభ్రం చెయ్యాలి.

ఆ బల్ల మీద ఉన్నవి రెండు గాజు గొట్టాలు, ఒక్కోటి మూరెడు. లోపలి గాలంతా పంపుతో లాగేసి, రవ్వంత ఆర్గాన్ వదిలి, ఎనిమిది వందల వోల్టులు ఇస్తే వంకాయరంగులో వెలుగుతాయి. కంటికి నిలకడగానే కనిపిస్తాయి గానీ, ఆ వెలుగు సెకనుకు కొన్ని వేలసార్లు పెరిగి తగ్గుతూ ఉంటుంది. ఏ గొట్టం లయ దానిది. ఒకే చేత్తో, ఒకే రోజు ఊదిన గొట్టాలే అయినా దేని దారి దానిదే. రెంటినీ ఒక తీగతో కలిపి, మధ్యలో ఒక డబ్బా, దానికో నాబు పెడితే, నాబు తిప్పేకొద్దీ రెంటి మధ్య సంబంధం పెరుగుతుంది. ఒక హద్దు దాటగానే రెండూ ఒకే లయలో పడతాయి. ఆ లయల్ని గీతలుగా చూపించే స్కోపు తెర మీద అప్పటిదాకా చిక్కుపడ్డ దారపుండలా ఉన్నది కాస్తా ఒక్క వాలు గీత అయిపోతుంది. ఇక్కడ మొగుడూ పెళ్లాల పోలిక తీసుకొచ్చే మహానుభావుడు ఏటా ఒకడు కొత్తగా చేరతాడు. మేస్త్రి ఆ హాస్యానికి నవ్వడం మానేసి ఇరవై ఏళ్లయింది.

అమ్మాయి ఏడేళ్ల చదువంతా ఒక్క ప్రశ్న: ఎంత తక్కువ సంబంధం ఉంటే చాలు, ఈ రెండూ కలవడానికి? ఆమెకు దొరికిన జవాబు అందరినీ ఆశ్చర్యపరిచింది. అందరూ అనుకున్నదానిలో వందోవంతు కూడా అక్కర్లేదు. నాబు చివరిదాకా తగ్గించేసినా గీత చెక్కుచెదరలేదు. పేపరంటే ఇదే.

మేస్త్రి అలవాటు ప్రకారం పంపు నడిపి, గొట్టాలు వెలిగించి, స్కోపు పెట్టి, ముందు టీ తాగాడు. గొట్టాలు వేడెక్కడానికి అరగంట పడుతుంది. ఆ తర్వాత కరెంటు ఆపి, పొడుగు కర్రకు కట్టిన ఎర్తు తీగతో గొట్టాలు రెంటినీ తాకించి, డబ్బా విప్పి పక్కకు తెచ్చుకున్నాడు. గొట్టాలు చల్లారకూడదని మళ్లీ కరెంటిచ్చి, కిటికీ దగ్గర కూర్చుని నాబు వెనకున్న మురికిని బ్రష్షుతో తీస్తూ, ఎందుకో తల తిప్పి తెర వైపు చూశాడు.

తెర మీద ఒక్క వాలు గీత ఉంది.

ముందు స్కోపు బిగుసుకుపోయిందనుకున్నాడు. లేచి వెళ్లి దాని నెత్తిన ఒకటి కొట్టాడు. గీత కొద్దిగా వణికి మళ్లీ నిలబడింది. రెండు గొట్టాల మధ్య ఏ తీగా లేదు. తీగ ఉండాల్సిన చోట రెండు మరలు ఖాళీగా ఉన్నాయి. డబ్బా ఆయన చేతిలో ఉంది. సంబంధమే లేకుండా రెండూ కలిసి కొట్టుకుంటున్నాయి. అంటే సంబంధం ఇంకెక్కడో ఉంది. ఆ ఎక్కడో ఎక్కడన్నది మేస్త్రికి వెతక్కుండానే తెలిసిపోయింది. స్టూలు మీద కూలబడ్డాడు.

మూడేళ్ల కిందట ఈ గొట్టాల కొలతల్లో గుర్రు మొదలైంది. గుర్రంటే, గోడ కరెంటు నుంచి వచ్చి కొలతలో దూరే మోత. తెర మీద గీత జ్వరం వచ్చినట్టు వణికేది. అమ్మాయి పదకొండు రోజులు దానితో పోరాడి, పన్నెండో రోజు బల్ల మీద తలపెట్టి ఏడ్చింది. మేస్త్రి అది చూడలేకపోయాడు. ఆ వారం సెలవు రోజున ఒక్కడూ వచ్చి, అప్పటిదాకా గోడకు విడివిడిగా వెళ్తున్న రెండు గొట్టాల ఎర్తు తీగల్నీ బల్ల కింద బొటనవేలంత వెడల్పున్న రాగి పట్టీకి బిగించి, పట్టీ నుంచి ఒక్క తీగ గోడకు లాగాడు. గుర్రు పోయింది. సోమవారం అమ్మాయి తెర చూసి నవ్విన నవ్వు ఆయనకు ఇప్పటికీ గుర్తే. ఏం చేశారు బాబాయ్ అని అడిగితే, ఏముంది, నట్లు వదులైతే బిగించానన్నాడు.

పుస్తకంలో మాత్రం రాయలేదు. బల్ల కాలికి పురికొసతో కట్టిన ఆ పుస్తకం ల్యాబుకు వేదం. మర అరచుట్టు తిప్పినా అందులో రాసి సంతకం పెట్టాలి. ఆ నియమం పెట్టిందే మేస్త్రి. రాయని కుర్రాళ్లను చెవి మెలిపెట్టినంత పని చేసేవాడు. కానీ సెలవు రోజున తాళం తీసినవాడు ఆఫీసుకు మూడు కాగితాలు రాసివ్వాలి, ఎందుకొచ్చావని అడిగితే జవాబు చెప్పాలి. ఈ చిన్నపనికి అంత గొడవెందుకని ఊరుకున్నాడు. కంచే చేను మేసిందంటే ఇదే.

తీగ లేకుండా కొలిచి చూడటం ఆ అమ్మాయి మరిచిపోయిన పనేమీ కాదు. మొదటి నెలలోనే చూసింది. తీగ లేకపోతే గొట్టాలు కలవవని చక్కగా పుస్తకంలో రాసింది. అప్పటికి పట్టీ లేదు. ఒకసారి తేలిన విషయాన్ని ఎవరైనా మళ్లీ ఎందుకు చూస్తారు?

మేస్త్రి బల్ల కిందికి దూరాడు. మోకాళ్లు టకటకమన్నాయి. కరెంటు ఆపి పట్టీ విప్పి మళ్లీ ఇచ్చి చూస్తే, తెర మీద దారపుండ. బిగిస్తే గీత. విప్పితే దారపుండ. మూడుసార్లు చూశాడు. నాలుగోసారి చూడటానికి ఓపిక లేక, పట్టీని బిగించి ఉంచే బయటికొచ్చాడు. రెండు గొట్టాల కరెంటూ ఒకే సన్నతీగలోంచి గోడకు వెళ్తోంది కదా, దాని ద్వారానే ఒకటి రెండోదాన్ని లాగుతోంది. డబ్బా, నాబు, ఏడేళ్లలో మూడేళ్ల కొలతలు, అన్నీ ఉత్తవి. ఈ సంగతి ఈ భూమ్మీద తెలిసినవాడు ఆయనొక్కడే.

తొమ్మిదికి అమ్మాయి వచ్చింది. బస్సులో నిద్రపోయి రెండు స్టాపులు దాటిపోయి వెనక్కి నడిచి వచ్చానని చెప్పింది. కళ్ల కింద నల్లగా ఉంది. మేస్త్రి డబ్బా యథాస్థానంలో బిగించి పెట్టాడు. ఫోటో తీశారు. ఆమె చూసి, బాగొచ్చింది బాబాయ్ అంది. ఆయన బాగొచ్చిందన్నాడు.

పన్నెండింటి దాకా మేస్త్రి ఏ పనీ చెయ్యకుండా చాలా పనులు చేశాడు. తుడిచిన బల్లే తుడిచాడు. ఏడు నెలలు. ఏడు నెలలు నోరు మూసుకుంటే తను ఇంటికి, అమ్మాయి కాలేజీకి. తర్వాత ఎవడో కొత్తవాడొచ్చి బల్ల విప్పి, పట్టీ పాత ఇనుములో పారేస్తాడు. ఎవరికీ నష్టం లేదు. నిజం చెప్పాలంటే, అమ్మాయి ఉద్యోగం కంటే కూడా ఆయనకు తన పేరే ఎక్కువ గుర్తొస్తోంది. అది గమనించినప్పుడు తన మీద తనకే అసహ్యం వేసింది. మూడో పేరు. ఆవిడ వేలు పెట్టి చూసుకున్న పేరు. ఆ పేరు వద్దనుకోవడం అంత తేలికైతే ఈ ప్రపంచంలో సగం తగాదాలు ఉండేవి కావు.

పన్నెండున్నరకు పుస్తకం తెరిచాడు. ఆ రోజు తేదీ వేసి, మూడేళ్ల కిందటి ఆ సెలవు రోజు తేదీ కూడా వేసి, చేసింది చేసినట్టు నాలుగు వాక్యాల్లో రాశాడు. పొద్దున్న చూసింది ఇంకో రెండు వాక్యాలు. సంతకం పెట్టి, పురికొస ఎంత దూరం సాగితే అంత దూరం లాగి పుస్తకాన్ని అమ్మాయి ముందు పెట్టాడు.

ఆమె చదివింది. మళ్లీ చదివింది. చూపించమంది. ఆయన మళ్లీ మోకాళ్ల మీద వంగి విప్పాడు, బిగించాడు, విప్పాడు. ఆమె తెర ముందు చేతులు కట్టుకుని నిలబడి చూసింది. ముఖంలో ఏ కదలికా లేదు. కోప్పడితే బాగుండునని మేస్త్రికి అనిపించింది.

"ఎవరు చెయ్యమన్నారు మిమ్మల్ని?" అంది చివరికి.

"ఎవరూ చెయ్యమనలేదు."

"ఏడు నెలలు ఆగలేకపోయారా బాబాయ్?"

"ఆగుదామనే అనుకున్నానమ్మా. పొద్దుట్నుంచీ అదే పనిలో ఉన్నాను." పుస్తకం వైపు చూడకుండా అన్నాడు: "ఆ పేజీ నీ ముందుంది. చింపితే నేను అడగను. ఇంకెవరికీ చెప్పను కూడా."

ఆమె పేజీ అంచు రెండు వేళ్లతో పట్టుకుంది. చాలాసేపు అలాగే పట్టుకుంది. చింపెయ్యి తల్లీ, అని మేస్త్రి మనసులో ఒక మూల నుంచి ఎవరో నిజంగానే బతిమాలారు. ఆమె అంచు వదిలేసి, ముఖం మోచేత్తో తుడుచుకుని, ప్రొఫెసరుకు ఫోను చేసింది. సార్, పంపకండి, ఒకసారి పైకి రండి అని మాత్రం చెప్పింది.

ప్రొఫెసరు వచ్చి పుస్తకం చదువుతుంటే, అడక్కముందే మేస్త్రి నేనే సార్, నేనే అని రెండుసార్లు అన్నాడు. కింద సంతకం ఉన్నాక ఆ ముక్క ఎవరూ అడగలేదు. ప్రొఫెసరు కళ్లద్దాలు తీసి కుర్చీలో కూర్చున్నాడు. తిట్టలేదు. ఇన్నేళ్లలో తనెప్పుడూ ఆ బల్ల కిందికి వంగి చూడలేదని, తప్పులో తనకూ వాటా ఉందని నీరసంగా అన్నాడు. మూడింటికి పేపరు వెళ్లాల్సిన చోటికి, దాన్ని వెనక్కి తీసుకుంటున్నామని ఉత్తరం వెళ్లింది. కాలేజీవాళ్లకు అమ్మాయే చెప్పుకుంది. వరండాలోకి వెళ్లి మాట్లాడి రెండు నిమిషాల్లో వచ్చేసింది. అంత తొందరగా చేజారే ఉద్యోగానికి ఏడేళ్లు పట్టింది.

సాయంత్రం దాకా ఆమె పట్టీ తీసేసి కొలుస్తూనే ఉంది. నాబు తిప్పగా తిప్పగా, బాగా సంబంధం పెరిగాక, దారపుండ విడిపోయి గీత అయింది. ఆ అంకె పుస్తకాల్లో ఎప్పట్నుంచో ఉన్న అంకే. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటారు. ఆ ఎలుకను కూడా ఇరవై ఏళ్ల కిందటే ఇంకెవరో పట్టుకుపోయారు. మేస్త్రి తాళం చెవులు తీసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. సోమవారం తొందరగా రండి, మొదట్నుంచీ కొలవాలి, అందామె తెర వైపు చూస్తూనే. బాబాయ్ అనలేదు. ఆ లోటు ఆయనకు మెట్లన్నీ దిగేదాకా గుచ్చుకుంటూనే ఉంది.

ఇంట్లో ఆవిడ మోకాలి మీద వేడినీళ్ల సంచి పెట్టుకుని కూర్చుని ఉంది. పంపించేశారా అని అడిగింది. మేస్త్రి చెప్పులు విప్పకుండానే అంతా చెప్పాడు. రాగి పట్టీ అంటే ఏమిటో, ఎర్తు అంటే ఏమిటో అర్థమయ్యేదాకా ఆవిడ అడిగి తెలుసుకుంది.

"మీరు చెప్పకపోతే ఎవరికైనా తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"మరెందుకు చెప్పారు?"

ఏమోనన్నాడు. ఆవిడ లేచి వెళ్లి గిన్నెలు సర్దింది. గిన్నెల శబ్దాన్ని బట్టి ఆవిడ ఏడుస్తోందని మేస్త్రికి తెలిసింది. ఆ పేరు తనకంటే ఆవిడకే ఎక్కువ కావాల్సి ఉందని ఆయనకు అప్పుడు అర్థమైంది.

శనివారం పొద్దున్నే ఆవిడ చెప్పులేసుకుని, గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి కింది వాటాకు వెళ్లింది. అరగంటకు తిరిగొచ్చి, ఆయాసపడుతూ కుర్చీలో కూర్చుంది. ఎంతమందికి చెప్పానో అంతమందికీ మళ్లీ చెప్పాలి కదా, కుట్టుపని ఆవిడతో మొదలుపెట్టానంది.

"ఏమని చెప్పావు?"

"పేపరులో తప్పు దొరికింది, అందుకని ఆపేశారని చెప్పాను. ప్రొఫెసరుకు దొరకలేదు, ఏడేళ్లు చదివిన పిల్లకు దొరకలేదు, మా ఆయనకు దొరికిందని చెప్పాను."

"ఆ తప్పు ఎవరిదో చెప్పావా?"

"అడిగితే చెప్పేదాన్నే. అడగలేదు."

మేస్త్రికి నవ్వొచ్చింది. నిన్నటి నుంచి అది మొదటి నవ్వు. అది ఎక్కువసేపు నిలవలేదు. తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. ఎక్కడికని ఆవిడ అడిగింది. కిందికి వెళ్లి మిగతాది చెప్పొస్తానన్నాడు. ఆవిడ ఆయన ముఖంలోకి చూసి, ఈ మనిషితో ముప్పై ఏళ్లుగా ఎలా వేగానురా దేవుడా అని నిట్టూర్చి, చేతులు ఆనించుకుని మళ్లీ పైకి లేచింది.

"మీరు కూర్చోండి. మీరు చెబితే సగం మింగేస్తారు, వాళ్లు ఇంకేదో అనుకుంటారు."

మేస్త్రి వద్దన్నాడు. ఆవిడ వినలేదు. మెట్ల మొదటి దాకా వెళ్లి, దిగే ఓపిక లేక, గోడకు ఆనుకుని కిందికి వంగింది. ఆ తప్పు చేసింది కూడా మా ఆయనేనమ్మా, అని కుట్టుపని ఆవిడను పిలిచి చెప్పింది. సోమవారం పేరు సంగతి ఎంత గట్టిగా చెప్పిందో, ఇదీ అంత గట్టిగానే చెప్పింది.